వివాద మహోత్సవం

పోయిన నెలలో ఏలూరు నుంచి శ్రీధర్ ఫోను చేశాడు. ప్రెస్సు గది, దాని వెనక వాటా ఖాళీ చేస్తున్నాననీ, ఆ వాటాలో మా కామేశ్వరి అత్తయ్య వాడిన బల్ల సొరుగులో ఏవో కాగితాలున్నాయనీ, కావాలంటే వచ్చి తీసుకోమనీ, లేకపోతే తూకానికి వేసేస్తాననీ చెప్పాడు. తూకం మాట అతను మామూలుగానే అన్నాడు. నేను మామూలుగా వినలేకపోయాను. వాళ్ళ నాన్న వెంకటరత్నంగారు నడిపిన ఆ ప్రెస్సులో అచ్చయిన ప్రతి అక్షరాన్నీ ముందుగా చూసింది మా అత్తయ్య. ప్రెస్సు పాతికేళ్ళ పండగకు వాళ్ళొక చిన్న పుస్తకం వేశారు. అందులో ట్రెడిల్ మిషను తొక్కిన మనిషి పేరుంది, కాగితం మోసిన మనిషి పేరుంది, ప్రారంభోత్సవం నాడు కొబ్బరికాయ కొట్టిన పెద్దమనిషి పేరు రెండుసార్లుంది. మా అత్తయ్య పేరు లేదు. ఆవిడ ఇంట్లో కూర్చుని చూసేది కనుక ప్రెస్సు మనిషి కిందికి రాదన్నారు. ఆ పుస్తకం ప్రూఫులు చూసింది కూడా ఆవిడే. ఈ సంగతి శ్రీధర్‌కు ఫోనులోనే గుర్తు చేసి, మర్నాడు హైదరాబాదులో రైలెక్కాను.

సొరుగులో అరిగిపోయిన ఎర్ర పెన్సిళ్ళు నాలుగు, ఒక కాడ విరిగిన కళ్ళజోడు, ఒక పెళ్ళి కార్డు ఉన్నాయి. పెన్సిళ్ళను చూసి నేనేమీ అనుకోలేదు. కార్డును చూశాక మాత్రం అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నాను.

ఆ కార్డు సంగతి చెప్పాలంటే నేను ఆ వాటాలోకి ఎలా వచ్చి పడ్డానో చెప్పాలి. మా నాన్నగారిది గుండుగొలను. నేను ఎమ్మే తెలుగు చదివి, ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ, నాన్నగారి అక్క అయిన కామేశ్వరి అత్తయ్య దగ్గర ఉండేదాన్ని. ఒక ఏడు స్కూలు పండక్కి గేటు మీద పెద్ద బట్ట కట్టారు. దాని మీద ‘వార్షికోస్తవం’ అని రాసి ఉంది. తెలుగు పంతులమ్మను గనుక, అది ‘వార్షికోత్సవం’ అని నేను చెప్పాను. చెప్పింది ముఖ్య అతిథి ఎదట కావడం నా తప్పు కాదు; ఆయన అప్పుడే కారు దిగాడు. తర్వాతి ఏడు నాకు పదో తరగతి తీసేసి చేతిరాత పీరియడ్లు ఇచ్చారు. నేను ఉద్యోగం మానేశాను. ఆ బట్టను మాత్రం ఆ తర్వాత రెండేళ్ళు అలాగే కట్టారు. నేను వెళ్ళి చూశాను.

అప్పట్లో ఊళ్ళో ప్రతి సందులోనూ కంప్యూటర్ కోర్సుల బోర్డులే. ఏలూరులోనే ఒక చోటికి వెళ్ళి అడిగితే, కౌంటర్లో కూర్చున్న అమ్మాయి నా సర్టిఫికెట్ చూసి, “ఎమ్మే తెలుగాండీ? ఇవన్నీ మీకెందుకండీ బాబూ! డీటీపీ నేర్చేసుకుని పెళ్ళి కార్డులు కొట్టుకోండి, హాయిగా ఉంటది” అంది. పక్కనున్న వాళ్ళు నవ్వారు. ముగ్గురు. ఆ మెట్లు మళ్ళీ ఎక్కలేదు. ఊళ్ళో కోర్సు ఉండగా, దాని కోసం రోజూ పొద్దున్నే ప్యాసింజర్ పట్టుకుని తాడేపల్లిగూడెం వెళ్ళాను. దెందులూరు, భీమడోలు, పూళ్ళ, ఉంగుటూరు, ఒక్కో స్టేషన్లో రైలు ఆగినప్పుడల్లా ఆ నవ్వులు గుర్తొచ్చేవి. గూడెంలో దిగగానే ఉల్లిపాయల వాసన ఎదురొచ్చేది. మార్కెట్లోని బస్తాల వాసన ఆ ఇన్‌స్టిట్యూట్ గదుల్లోకి కూడా వచ్చేది. ఇప్పటికీ ఉల్లిపాయ కోస్తే నాకు మొదట గుర్తొచ్చేది వంట కాదు, కంప్యూటరే.

అత్తయ్య వాటాలో వాసన వేరు. సిరా, అక్షరాలు కడిగే కిరసనాయిలు, తడి కాగితం, వాటి మధ్యలో పొద్దుటి ఇంగువ పోపు. ప్రూఫులు ప్రెస్సు నుంచి తడితడిగా వచ్చేవి. పెరట్లో బట్టలారేసే తాడు మీదే వాటినీ ఆరవేసేది. అత్తయ్య తెల్లచీరల పక్కన ఊరందరి పెళ్ళిళ్ళూ, గృహప్రవేశాలూ, పెద్దకర్మలూ గాలికి ఊగుతుండేవి. వాన మబ్బు పడితే ముందు కాగితాలు తీసేది, తర్వాత చీరలు. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. చిన్నతనంలోనే మామయ్య పోతే, ఆ వాటాలో అద్దెకు దిగి, కాలక్షేపానికి అచ్చు కాగితాలు చదవడం మొదలుపెట్టి, చివరికి ఆవిడ చూడందే మిషను కదలని స్థితికి తెచ్చింది. భోజనం చేశాక చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, వాటి వాసన చూసుకుని, అప్పుడు బల్ల దగ్గర కూర్చునేది. మజ్జిగ వాసన వస్తే మళ్ళీ కడుక్కునేది. కాగితానికి జిడ్డంటితే అక్షరం బొద్దుగా కనపడి మోసం చేస్తుందట.

ఆవిడ కాగితాన్ని వెనక నుంచి చదివేది. చివరి పంక్తిలో చివరి మాట మొదట, దాని ముందు మాట తర్వాత, అలా పైకి ఎక్కేది. ప్రతి మాటనూ అక్షరం అక్షరంగా, మంచం కోళ్ళు లెక్కపెట్టినట్టు, పెన్సిల్ మొనతో ముట్టుకుంటూ పోయేది. ఆవిడ చదువుతుంటే పెళ్ళి వెనక్కి జరిగేది: ముందు ఆహ్వానించువారు, తర్వాత విందు, తర్వాత ముహూర్తం, తర్వాత వధూవరులు, అందరూ లేచి వెళ్ళిపోయాక వినాయకుడి శ్లోకం. రాతప్రతి పట్టుకుని నేను పక్కన కూర్చునేదాన్ని. “ముందు నుంచి చదివితే ఏమవుతుంది అత్తయ్యా?” అని ఒకసారి అడిగాను. “ముందు నుంచి చదివితే అర్థమవుతుందే” అంది. అర్థం కావడం ఒక జబ్బు అన్నట్టు చెప్పింది. నాకు నవ్వొచ్చింది. అప్పుడు.

గూడెంలో మూడు నెలల తర్వాత మా బ్యాచ్ రెండుగా చీలాలి. ఒక ఫారం ఇచ్చారు, రెండు గళ్ళున్నాయి. ఒకటి ప్రోగ్రామింగ్, అంటే కంప్యూటరు చేత పని చేయించే ఆదేశాలు రాయడం. రెండోది టెస్టింగ్, అంటే అవతలివాళ్ళు రాసినది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటం. సోమవారం ఇచ్చెయ్యాలి. అందరూ మొదటి గడిలో టిక్కు పెట్టేశారు. ప్రోగ్రామింగ్ రానివాళ్ళు వెళ్ళేది రెండోదానికి అని బాహాటంగానే అనేవారు. నాకు ప్రోగ్రామింగ్ రాలేదు. ఆ మాట ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను గానీ అప్పుడు ఒప్పుకోలేదు. నేను రాసినవి నడిచేవి కావు. పక్కవాళ్ళు రాసినవి ఎక్కడ ఆగిపోతాయో మాత్రం వాళ్ళ కంటే ముందు నాకే తెలిసేది. ఒకసారి వయసు అడిగే చోట సున్నా కొట్టి ఒకబ్బాయి ప్రోగ్రామును పడగొట్టాను. మురళి సార్, నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు, క్లాసందరి ముందూ “మేడమ్, ఊళ్ళోవాళ్ళ తప్పులు తర్వాత ఏరుదురుగాని, ముందు మీదొకటి నడిపించండి” అన్నాడు. ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాను, వచ్చినా రాకపోయినా మొదటి గడిలోనే టిక్కు పెడతానని. ఏలూరు కౌంటర్లో నవ్వినవాళ్ళ ముందు, నేను రానివాళ్ళ వరసలో కూర్చోను.

ఆ వారంలోనే అత్తయ్యకు కండ్లకలక వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉబ్బి, తడి గుడ్డ వేసుకుని పడుకుంది. కలిదిండి నుంచి చేపల చెరువుల రైతు నాగేశ్వరరావుగారి అమ్మాయి పెళ్ళి కార్డు ప్రూఫు వచ్చింది. “నువ్వు చూసెయ్యవే సుభద్రా” అంది అత్తయ్య. కాగితాన్ని రైల్లోకి పట్టుకెళ్ళి, దెందులూరు దాటేలోపు చదివేసి, సాయంత్రం రత్నంగారికి ఇచ్చేశాను. “వెనక నుంచి చదివావా?” అని అత్తయ్య అడిగింది. “చదివాను” అన్నాను. చదవలేదు.

శనివారం పొద్దున్నే నాగేశ్వరరావుగారు కార్డు చేత్తో పట్టుకుని ప్రెస్సులోకి వచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. “ఏవండీ రత్నంగారూ, ముందిది చెప్పండి. మాది పెళ్ళాండీ, పంచాయితీయాండీ?” అన్నాడు. రత్నంగారు కార్డు తీసుకుని పైనుంచి కిందికి చదివి, “బావుందిగా నాగేశ్వరరావుగారూ, ఏమైందండీ?” అన్నాడు. “బావుందా! ఇంకోసారి చదవండి.” ఆయన ఇంకోసారి చదివాడు. నేనూ ఆయన భుజం మీంచి చదివాను. ఇద్దరికీ ఏమీ కనపడలేదు. అప్పుడు నాగేశ్వరరావుగారు మధ్యలో బంగారు సిరాతో వేసిన పెద్దక్షరాల మీద వేలు పెట్టాడు. వివాహ మహోత్సవ ఆహ్వానం అని ఉండాల్సిన చోట ‘వివాద మహోత్సవ ఆహ్వానం’ అని ఉంది.

వేరే పెళ్ళయితే నవ్వుకుని ఊరుకునేవారేమో. పెళ్ళివారిద్దరూ దూరపు చుట్టాలు, ఇళ్ళు పక్కపక్క వీధుల్లో. రెండు చెరువుల మధ్య గట్టు గురించి చాలాకాలంగా మాటల్లేవు. ఈ పెళ్ళితో ఆ తగువు తీరాలని పెద్దలు కుదిర్చారు. మొదటి కార్డుకు నాలుగు మూలలా పసుపు రాసి మగపెళ్ళివారింటికి పంపారు. “మా వియ్యంకుడు చూళ్ళేదండీ, ఆయన తమ్ముడు లెక్చరర్, ఆయనా చూళ్ళేదు. ఆ ఇంటి ముసలావిడ చూసిందండీ! పెళ్ళికొడుకు నాయనమ్మ. ఇప్పుడు గట్టు గొడవ మనసులో పెట్టుకుని మేం కావాలని వేయించామంటున్నారు. తాంబూలాలు తిప్పి పంపుతారంట.” కార్డులు మళ్ళీ వేద్దామంటే ఆ రకం విజయవాడ నుంచి రావాలి, పెళ్ళి చూస్తే వారంలో ఉంది.

నేను అక్షరాలు పేర్చే కంపోజిటర్ మీద లేచాను. హ అడిగితే ద పెట్టే మనిషికి ఈ పని ఎందుకన్నాను, అతని పాత తప్పులు తేదీలతో సహా చదివాను. అత్తయ్య వాటాలోంచి కళ్ళకు గుడ్డ అడ్డుపెట్టుకుంటూ వచ్చింది. అతనితో ఒక్క మాటా అనలేదు. అక్షరాల గళ్ళ పెట్టె దగ్గరికి వెళ్ళి, హ గడిలో చెయ్యి పెట్టి, సీసపు ముక్కల్ని వేలికొసలతో తడిమి, ఒక్కొక్కటీ పక్కన పెట్టింది. ఆ హ గడిలో ఇంకా మూడు ద-లు ఉన్నాయి. అంతకు ముందు అచ్చు అయిపోయాక సర్దేటప్పుడు పక్క గడిలో పడిపోయినవి. “ఇదిగో ఇక్కడుంది తప్పు” అంది. ఆ తర్వాత నాగేశ్వరరావుగారి వైపు తిరిగి, “ఇది చూసింది నేనేనండీ. కళ్ళు బాగోలేనప్పుడు చూడకుండా ఉండాల్సింది. రేపు నేనే వచ్చి మీ వియ్యాలవారికి చెప్పుకుంటాను” అంది. నేను నోరు తెరిచాను. నా చెయ్యి పట్టుకుని నొక్కింది, గట్టిగా.

ఆదివారం పొద్దున్న ఇద్దరం బస్సులో బయల్దేరాం. కైకలూరు మీదుగా, రెండు పక్కలా చెరువులే. నీళ్ళలో పాతిన కర్రలకు తవుడు బస్తాలు వేలాడుతున్నాయి, వాటి చుట్టూ చేపలు మూగి నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. ఐసు పెట్టెల లారీలు నీళ్ళు కార్చుకుంటూ ఎదురొస్తున్నాయి. నా తప్పును అత్తయ్య నన్నడక్కుండా తీసేసుకుంది, అదీ నా బాధ. జీవితమంతా ఇతరుల తప్పులు లెక్కపెట్టుకున్న నాకు, నాదంటూ ఒక పెద్ద తప్పు దొరికితే, దాన్ని కూడా దక్కనివ్వలేదు.

నాగేశ్వరరావుగారి ఇంట్లో అరుగు మీద అందరూ కూర్చున్నారు. మధ్యలో మంచం మీద పెళ్ళికొడుకు నాయనమ్మ, కార్డు ఒళ్ళో పెట్టుకుని. అత్తయ్య వెళ్ళి ఆవిడ పక్కన కింద కూర్చుని, “ఇంతమంది చదువుకున్నవాళ్ళు చూడనిది మీరెలా చూశారు పిన్నిగారూ?” అని అడిగింది. క్షమాపణ చెప్పడానికి వచ్చిన మనిషి అడగాల్సిన ప్రశ్న కాదది. కానీ ఆవిడకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. ముసలావిడ మెత్తబడింది. “నాకు చదువెక్కడిదమ్మా? రాత్రిబడిలో అక్షరాలు చెప్పారు. కూడబలుక్కుంటానంతే. వి... వా... ద... అనొచ్చింది. పెళ్ళి అనుకోడానికి నాకు మాటంతా ఒకేసారి రాదుగా!” అత్తయ్య ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. “మీరు మా ప్రెస్సులో ఉండాల్సింది పిన్నిగారూ” అంది. ఆ ఇంట్లో అప్పుడు మొదటిసారి ఎవరో నవ్వారు.

తర్వాత అత్తయ్య కుంకుమ భరిణె తెమ్మంది. చిటికెడు కుంకుమ నీళ్ళతో కలిపి, ఆ ద మీద సరిగ్గా ఒక బొట్టు పెడితే చాలంది. “చదివేవాళ్ళ కళ్ళు హ-ని అవే పెట్టుకుంటాయి. నిన్నటిదాకా ద ఉన్నా హ అని చదివాయి, ఇప్పుడు బొట్టుంటే చదవవా?” పెళ్ళికూతురి తల్లి ఒక కార్డుకు బొట్టు పెట్టి లెక్చరర్ చేతికిచ్చింది. ఆయన “వివాహ మహోత్సవ ఆహ్వానం” అని గడగడా చదివేసి, చదివాక నాలిక కరుచుకున్నాడు. శుభలేఖకు కుంకుమ, ఎవరు కాదంటారు? అందరూ భరిణె చుట్టూ చేరారు. అత్తయ్య మాత్రం వెనక్కి జరిగి గోడకానుకుంది. భర్త పోయిన మనిషి పెళ్ళి కుంకుమ ముట్టుకోకూడదు. ఉపాయం ఆవిడదే, బొట్టు మాత్రం ఆవిడ పెట్టకూడదు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు. అలవాటుగా జరిగింది. ఆ ఇంటి మీద నాకొచ్చిన కోపం ఇంకా ఉంది.

ముసలావిడ చూసింది. ఆవిడదీ బోసి నుదురే. “ఏమమ్మా, అక్కడ కూర్చున్నావేం? తప్పు పట్టిందాన్ని నేను, దిద్దిందానివి నువ్వు. మనిద్దరం లేకపోతే ఈళ్ళకి పెళ్ళెక్కడిది? రా, ఈ ఒక్కటీ నువ్వు పెట్టు” అని, తన ఒళ్ళో ఉన్న పసుపు మూలల కార్డు ఇచ్చింది. అత్తయ్య ఉంగరపు వేలితో అద్దింది. బొట్టు కొంచెం పక్కకు పోయింది. “ఇది నువ్వే ఉంచుకో. పెళ్ళికి రావాలి” అంది ముసలావిడ. నాగేశ్వరరావుగారు కలం తీసి, దాని కవరు మీద ‘శ్రీమతి కామేశ్వరిగారికి’ అని రాశాడు. ఎన్ని వేల పేర్లను దిద్దిందో ఆవిడ. శుభలేఖ మీద ఆవిడ పేరు నేను చూసింది ఆ ఒక్కసారే.

తిరిగొచ్చే బస్సులో అత్తయ్య అడిగింది. “రేపు ఏ గడిలో పెడతావే?”

“ప్రోగ్రామింగ్.”

“వస్తుందా?”

“రాదు. కానీ రెండోది రానివాళ్ళ పని అంటారు. ఊరికే తప్పులు వెతకడం.”

“ఊళ్ళో అందరి తప్పులూ ఊరికే వెతుకుతావు కదే! అదే పనికి ఉద్యోగమిస్తామంటే కాదంటావేం?” అని నవ్వింది. ఆ పూటకు నాకూ నవ్వక తప్పలేదు. కిటికీలోంచి చెరువుల వైపు చూస్తూ అంది: “ఒకటి మాత్రం నేర్చుకోవాలి. తప్పు కనపడగానే నువ్వు మనిషిని వెతుకుతావు. నేను గడిని వెతుకుతాను. మనిషిని తిడితే ఈ తప్పొక్కటే పోతుంది. గడి సర్దితే రేపటివి కూడా పోతాయి. అబద్ధం కూడా అంతే సుభద్రా. వెనక నుంచి చదివానన్నావు చూడు, నేను దాని జోలికి ఎందుకు పోలేదంటే, నీ గడిలో అక్షరాలు ఎక్కడ కలిసిపోయాయో నాకు తెలుసు గనక. నిన్ను చూసి నవ్వినవాళ్ళ దగ్గర.”

సోమవారం రెండో గడిలో టిక్కు పెట్టాను. మురళి సార్ ఫారం చూసి, “మొత్తానికి మీ దారి మీరు చూసుకున్నారు మేడమ్” అన్నాడు. ఎగతాళే. కానీ మాటలో తప్పులేదు కనుక వదిలేశాను. ఆ తర్వాత హైదరాబాదులో ఆ పని మీదే నా జీవితమంతా గడిచింది. ఏ తెరనైనా చివరి నుంచి మొదలుపెట్టి మొదటికొచ్చేదాన్ని. అంతా బాగుందని అందరూ చెప్పాక, క్యాంటీన్లో పనిచేసే ఆవిడను పిలిచి ముందు కూర్చోబెట్టేదాన్ని. కూడబలుక్కుంటూ ఆవిడ ఎక్కడ ఆగుతుందో అక్కడ తప్పుండేది. నా కింద పనిచేసినవాళ్ళు నాకు కర్కోటకురాలని పేరు పెట్టారు. ఎవరెవరు పెట్టారో తెలుసు. అయినా నేను రాసిన ఏ తప్పుల జాబితాలోనూ మనిషి పేరు లేదు, గడి మాత్రమే ఉంది. అత్తయ్య చెప్పినదాంట్లో నాకు చేతనైనది ఆఫీసు వరకే. ఇంట్లో ఇంకా మనుషులే కనపడతారు.

ఇప్పుడు శుభలేఖలు ఫోన్లలో పాటలు పాడుకుంటూ వస్తున్నాయి. పూలు రాలుతుంటాయి, దీపాలు వెలుగుతుంటాయి, ‘వదువు’కి ఒత్తుండదు. చూసేవాళ్ళు లేరు, చూడాలని అనుకునేవాళ్ళు లేరు. మొన్న మా పిన్ని మనవరాలు బ్యాంకు ఉద్యోగం మానేసి కంప్యూటర్లలోకి వస్తానంటూ ఏ దారి పట్టమంటావని అడిగింది. నా దారి చెబితే, “అదీ ఇప్పుడు మిషన్లే చేసేస్తున్నాయి అత్తా” అంది. చేస్తాయేమో. ఆ కార్డు ఫోటో తీసి దాని ఫోనులో ఉన్న ఆ మిషనుకే చూపించమన్నాను. కుంకుమ మరక కింద ‘వివాహ’ అని ఉందని అది చెప్పింది, ఏ అనుమానమూ లేకుండా. దానికీ అర్థమే ముందు కనపడుతోంది. “దీనికి వెనక నుంచి చదవడం నేర్పేవాళ్ళు ఎవరో ఒకరు కావాలిగా, ఆ పని వెతుక్కో” అన్నాను. పిల్ల ఆలోచిస్తానంది.

ఏలూరులో ఆ వేళ స్టూలు మీద కూర్చుని చూస్తే కుంకుమ చాలా మట్టుకు రాలిపోయి ఉంది. పక్కకు పోయిన బొట్టు కదా, ద ఇంచుమించు మొత్తం బయటపడింది. శ్రీధర్ నా చేతిలోంచి కార్డు తీసుకుని, “వివాహ మహోత్సవ ఆహ్వానం... మామూలు పెళ్ళి కార్డేగా అండీ” అన్నాడు. చూపించాను. అతను కళ్ళు పెద్దవి చేసి, “ఓ, ఇదేనాండీ అది! నాన్నగారు ఎప్పుడూ అనేవారండీ. కామేశ్వరిగారంతటి ఆవిడ కూడా జీవితంలో ఒక్కసారి జారారని” అన్నాడు.

“ఆవిడ జారలేదు. ఆ ప్రూఫు చూసింది నేను.”

“ఇన్నాళ్ళ తర్వాత ఇప్పుడెందుకండీ అది? నాన్నగారూ లేరు, ఆవిడా లేరు.”

“ఆ తప్పు పక్కన తప్పు మనిషి పేరు ఉంది. దిద్దాలి. రాసిపెట్టుకోండి.”

“అలాగేనండీ, రాస్తానండీ” అన్నాడు, గోదావరి జిల్లాల మర్యాదగా, పాత కాగితాల కట్టకు పురికొస చుట్టుకుంటూ. రైలు వేళయ్యేదాకా అక్కడే కూర్చుని చూశాను. అతను రాయలేదు. అందుకని నేను ఇక్కడ రాశాను.